సన్నాయి సైదులు గారి ముందు పళ్ళు

2022లో మాఘమాసం ముహూర్తాలు మొదలైన రోజులవి. తిరువూరు బస్టాండుకి నాలుగడుగుల దూరంలో, మందుల షాపు పైన మేడ మీద మా డెంటల్ క్లినిక్. మెట్లు నిటారుగా ఉంటాయి. ఎక్కి వచ్చేసరికే పెద్దవాళ్ళకి సగం ప్రాణం పోతుంది, మా కుర్చీ చూశాక మిగతా సగం. అక్కడ నేను డెంటల్ హైజీనిస్టుని. ఇన్నేళ్ళలో ఈ మాట సరిగ్గా పలికినవాళ్ళు తక్కువ, అర్థమైనవాళ్ళు ఇంకా తక్కువ. గంపలగూడెం నుంచి షేర్ ఆటోల్లో వచ్చే ఆడవాళ్ళకి నేను నర్సమ్మని. టౌను వాళ్ళకి సిస్టర్ని. కింద మందుల షాపాయనకి పళ్ళు తోమే మేడమ్‌ని. నిజానికి ఆయన పెట్టిన పేరే నా పనికి కాస్త దగ్గర.

డాక్టరు గారు పళ్ళు పీకుతారు, పుచ్చినవాటిలో సిమెంటు నింపుతారు, కట్టుడు పళ్ళు కడతారు. అవేవీ నా పనులు కావు. పన్నుకీ చిగురుకీ మధ్య పేరుకుపోయిన గార తీసేయడం నా పని. దాన్ని స్కేలింగ్ అంటాం. చేతిలో ఇమిడే చిన్న మెషీను, దాని కొస సన్నగా అదురుతూ, నీళ్ళు చిమ్ముతూ, రాయిలా గట్టిపడిన గారని పెళ్ళలు పెళ్ళలుగా ఊడగొడుతుంది. ఇది జబ్బు ముదరకముందు చేయించుకోవాల్సిన పని. నొప్పి ఉన్నవాళ్ళు పీకించుకోవడానికి వస్తారు, నొప్పి లేనివాళ్ళు అసలు రారు. ఇక నా కుర్చీలో ఎవరు కూర్చుంటారో మీరే ఆలోచించండి.

సైదులు గారు కూడా పళ్ళ కోసం రాలేదు. ఆయన సన్నాయి వాయిస్తారు. మా చుట్టుపక్కల మండలాల్లో ఇంట్లో పెళ్ళి కుదిరితే ముందు పంతులు గారికి కబురు వెళుతుంది, తరవాత సైదులు గారికి. వాళ్ళ నాన్నా, తాతా కూడా సన్నాయి వాళ్ళే. శుక్రవారం మసీదులో నమాజు చేసుకుని, ఆ సాయంత్రమే పట్టు కండువా వేసుకుని నెమలి ఊరి గుడిలో పెళ్ళికి బయల్దేరే మనిషి. మా పెళ్ళిలో కూడా ఆయనే వాయించారు. ఆ సంగతి ఆయనకి గుర్తు లేదు గానీ నాకు గుర్తుంది.

ఆ రోజు వెంట మేనల్లుడు రహీం ఉన్నాడు. ముప్పై దాటిన మనిషి, మేళంలో రెండో సన్నాయి.

"గాలి పోతోందమ్మా," అన్నారు సైదులు గారు, కండువా నోటికి అడ్డం పెట్టుకుని. "పీక మార్చాను. అయినా పోతోంది. పెదవి లోపల పుండేమన్నా ఉందేమో చూపించుకో మావయ్యా అని వీడు ఒకటే గోల."

పీక అంటే సన్నాయి కొసన ఉండే రెల్లు ముక్క. అది పెదవుల మధ్య ఉంటుంది. ఆ పెదవులకి వెనకనుంచి ఆసరా ఇచ్చేవి ముందు పళ్ళు.

పుండేమీ లేదు. కింది పెదవి కిందికి లాగి, లోపలికి అద్దం పెట్టి చూస్తే నాకు సంగతి తెలిసిపోయింది. కింది ముందు పళ్ళు వెనకవైపు కనపడటమే లేదు. వాటి మీద గార ఒకటే దిమ్మగా కట్టేసింది. డాక్టరు గారు వచ్చి ఒక్కో పన్నూ పట్టుకుని కదిపి చూశారు. దీన్ని మొబిలిటీ చూడటం అంటాం, పన్ను ఎంత కదులుతోందో చూసే పరీక్ష. ఒక్కదాన్ని కదిపితే పక్కవి కూడా కలిసి కదిలాయి. వెనక దవడ పన్ను దగ్గర చిగురు సంచీలా వదులైపోయింది. ఆ పైన ఆయనకి షుగరు. నువ్వే చెప్పమన్నట్టు డాక్టరు గారు నా వైపు చూశారు.

"మస్తుగా గార పట్టిందండీ," అన్నాను. "అది తీసేయాలి."

"తీస్తే గాలి పోకుండా ఉంటుందా?"

ఇక్కడే నేను ప్రతిసారీ ఇరుక్కుపోతాను. నిజం చెబితే పేషెంటు పారిపోతాడు, అబద్ధం చెప్పడానికి నోరు రాదు. "తీసిన కొత్తలో ఇంకా ఎక్కువ కదిలినట్టుంటాయి," అని చెప్పాను. "ఇప్పుడు వాటిని పట్టుకుని ఉన్నది ఆ గారే. కానీ దాని కింద చేరిన క్రిములు లోపల ఎముకని కరిగించేస్తున్నాయి."

"అంటే నిలబెట్టేదీ అదే, కూలగొట్టేదీ అదే," అన్నారాయన.

"అంతే."

"మావాళ్ళంతా అనేది నిజమేనన్నమాట, క్లీనింగు చేయిస్తే పళ్ళు ఊడతాయని."

ఈ మాట నేను మా ఇంట్లో కూడా విన్నాను, మా అత్తగారి నోట. ఊళ్ళో ఒకరు నాలాంటివాళ్ళ దగ్గర గార తీయించుకుంటారు, ఎముక అప్పటికే పోయి ఉంటుంది, ఆర్నెల్లకి పన్ను ఊడుతుంది. తప్పు గారది కాదు, తీసినదానిది అంటారు. నా వృత్తి జీవితంలో సగం ఈ ఒక్క మాటకి జవాబు చెప్పడంలోనే అరిగిపోయింది.

డాక్టరు గారు ఓపిగ్గా వివరం చెప్పారు. విడతలు విడతలుగా స్కేలింగ్ చేస్తాం, లోతుగా. తరవాత స్ప్లింటింగ్, అంటే పళ్ళ వెనకనుంచి సన్నని తీగ వేసి, పన్ను రంగు సిమెంటుతో అన్నిటినీ ఒకదానికొకటి కట్టేయడం. చిగురు గట్టిపడేదాకా కొన్ని వారాలు సన్నాయి నోట పెట్టకూడదు. షుగరు అదుపులో పెట్టుకుని, పద్ధతిగా ఉంటే ఆ పళ్ళు ఇంకా చాలా ఏళ్ళు నిలబడతాయి.

సైదులు గారు వేళ్ళు మడుస్తూ నెలలు తలుచుకున్నారు. మాఘం, ఫాల్గుణం, శ్రీరామనవమి, వైశాఖం, జ్యేష్ఠం. "ఆషాఢంలో ముహూర్తాలుండవు కదండీ, అప్పుడు చేద్దురు," అన్నారు. తరవాత కాస్త ఆగి, "కార్డు మీద అవుతుందా ఇది?" అని అడిగారు.

అవదు అని చెప్పాను. ప్రభుత్వ ఆరోగ్య బీమా కార్డు ఆయన జేబులోనే ఉంది, ప్లాస్టిక్ కవరులో భద్రంగా. దవడ విరిగితే అవుతుంది. నోటి కేన్సరైతే అవుతుంది. చీము గొంతు దాకా దిగి ఆస్పత్రిలో చేరితే అవుతుంది. గార తీయడానికి అవదు, పళ్ళు కట్టడానికి అవదు.

"ముదిరాక రమ్మంటారన్నమాట," అని నవ్వారు. "కార్డు మీదైతే నాలుగు ముహూర్తాలు వదులుకుని ఇప్పుడే కూర్చునేవాణ్ణి. పనీ పోయి, పైగా ఈ ఖర్చూ పెట్టుకోవాలంటే రెండు వైపులా దెబ్బ, తట్టుకోలేను." నెమ్మదిగా ఇవ్వండి, తొందరేం లేదని డాక్టరు గారన్నా ఒప్పుకోలేదు. అప్పు నెత్తిన ఉంటే పాట మీద మనసుండదన్నారు.

ఇప్పుడు మా గోల కూడా కొంచెం చెప్పాలి. మా జిల్లాలో హైజీనిస్టులం వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందిమి. చదువుంది, డెంటల్ కౌన్సిల్లో పేరు నమోదుంది, సర్కారు దవాఖానాల్లో పోస్టులు మాత్రం వెతుక్కోవాలి. మా వాట్సాప్ గ్రూపులో పొద్దున్నే దేవుడి బొమ్మలు, మధ్యాహ్నం ఉద్యోగాల కబుర్లు, ఏడాదికొకసారి అర్జీ. అర్జీలో అడిగేది ఎప్పుడూ ఒకటే. స్కేలింగ్‌ని కార్డు కింద చేర్చండి, మండలాల్లో ఆ పని చేసేవాళ్ళని పెట్టండి, పళ్ళు పీకే దశ రాకుండా మేం చూసుకుంటాం. జవాబు కూడా ఎప్పుడూ ఒకటే, పరిశీలనలో ఉంది. కాళ్ళరిగేలా తిరిగాం. తిరిగి తిరిగి కొందరు మానేశారు, ఒకమ్మాయి ఈ వృత్తే మానేసి చీరల కొట్టు పెట్టుకుంది. పెట్టుకుని బాగుంది కూడా.

ఆ ఏడు ఫాల్గుణంలో మాత్రం పిలుపొచ్చింది. కార్డు కింద ఏయే చికిత్సలు కొత్తగా చేర్చాలో ప్రభుత్వం వాళ్ళు అభిప్రాయాలు తీసుకుంటున్నారట, బెజవాడ రమ్మన్నారు. వీలైతే ఒక పేషెంటుని కూడా తీసుకురమ్మన్నారు. మా గ్రూపంతా ఒక్కసారి లేచి కూర్చుంది. ఎవర్ని తీసుకెళ్ళాలన్న ప్రశ్నే రాలేదు నాకు. బతుకు మొత్తం ముందు పళ్ళ మీద నిలబెట్టుకున్న మనిషి మా ఊళ్ళోనే ఉన్నాడు. ఆయన్ని చూశాక కూడా ఇది సోకు కోసం చేయించుకునే పని అని ఎవరంటారు?

వాళ్ళింటికెళ్ళి అడిగాను. ఆయన భార్య ఖాసింబీ టీ ఇచ్చింది. "ఉన్నది ఉన్నట్టు చెబితే చాలండి," అన్నాను. "మీరు రమ్మన్నాక రాకుండా ఎలా ఉంటానమ్మా," అన్నారు సైదులు గారు. బెజవాడ వెళ్ళే రోజు పొద్దున బస్సులో ఆయన తెల్ల పంచె, తెల్ల చొక్కా, భుజాన పట్టు కండువా. కిటికీ పక్క సీటు నాకిచ్చి దారంతా నిద్రపోయారు. నేను చెప్పాల్సిన మాటలు మనసులో వల్లె వేసుకుంటూ కూర్చున్నాను.

అక్కడ ఆఫీసులో పొడుగాటి బల్ల, అటు వైపు అధికారులు, ఇటు వైపు మాలాంటి అర్జీదారులు. కళ్ళ డాక్టర్లు, ఫిజియోథెరపీ వాళ్ళు, అందరూ వచ్చారు. మా వంతు వచ్చేసరికి మధ్యాహ్నమైంది. పెద్ద అధికారి ఒకావిడ, ఆవిడా డాక్టరే. నెమ్మదైన మనిషి, నాకంటే ఎక్కువ అలిసిపోయి ఉంది. ఆవిడ పక్కన కూర్చున్న సూపరింటెండెంటు గారు నా వెనక వస్తున్న మనిషిని చూసి, "సైదులు గారా? మీరేంటిక్కడ?" అన్నాడు. సైదులు గారు రెండు చేతులూ జోడించి వంగి నమస్కారం పెట్టారు. తెలిసినవాళ్ళున్నారు, మంచిదే అనుకున్నాను నేను.

నాకిచ్చిన సమయంలో చెప్పాల్సింది చెప్పాను. గార అంటే ఏంటి, అది తీయకపోతే ఏమవుతుంది, ముదిరాక ప్రభుత్వానికే ఎంత భారం. ఆవిడ శ్రద్ధగానే విన్నది. విని, అడగాల్సిందే అడిగింది. "నొప్పి లేదంటున్నారు, వాపు లేదంటున్నారు. చికిత్స చేర్చాలంటే దేనివల్ల మనిషికి ఇబ్బందో మేం రాయాలి కదమ్మా. ఏమని రాయమంటారు?"

"ఆయన వృత్తికే ఇబ్బంది మేడం. ఆయన్నే అడగండి," అన్నాను.

ఆవిడ ఆయన వైపు తిరిగింది. "చెప్పండి, మీకు ఇబ్బందేంటి?"

సైదులు గారు లేచి నిలబడ్డారు. కండువా సర్దుకున్నారు. సూపరింటెండెంటు వైపు ఒకసారి చూశారు. "తమ చలవ వల్ల అంతా బాగానే ఉందండి," అన్నారు.

"పళ్ళు కదులుతున్నాయి కదండీ, గాలి పోతోందన్నారు కదా, చెప్పండి," అని అందించాను.

"వయసు కదండీ, కొంచెం అటూ ఇటూ ఉంటుంది. వాయించుకుంటున్నానండి. ఏం లోటు లేదు."

ఆవిడ నా వైపు చూసింది. ఎగతాళి లేదు ఆ చూపులో. "పేషెంటే ఏం లేదంటుంటే మేమేం రాస్తామమ్మా," అని పక్క కాయితం అందుకుంది. మా తరవాత వంతు వినికిడి యంత్రాల వాళ్ళది.

బస్టాండుకి నడుస్తుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. పెద్దాయన అని కూడా చూడకుండా నోటికొచ్చినట్టు మాట్లాడాను. "ఒక్క మాట చెప్పడానికి మిమ్మల్ని ఇంత దూరం తీసుకొస్తే, ఏం లోటు లేదంటారా? నా కోసం కాకపోతే మీకోసమైనా చెప్పాలి కదండీ. ఇన్నేళ్ళకి పిలిచారు వాళ్ళు, మళ్ళీ ఎప్పుడు పిలుస్తారో." ఆయన తల వంచుకుని అన్నీ విన్నారు. బస్సెక్కి కూర్చున్నాక, కండక్టరు టికెట్టు కొట్టి వెళ్ళాక, అప్పుడు మాట్లాడారు.

"ఆ సూపరింటెండెంటు గారి అమ్మాయి పెళ్ళి వైశాఖంలో ఉందమ్మా. రెడ్డిగూడెంలో, వాళ్ళ మామిడి తోటలో. మేళం మాట్లాడుకెళ్ళారు. ఆయన ముందు నా పళ్ళు ఊగుతున్నాయి, గాలి పోతోంది అని ఎలా చెప్పమంటావు? ఆయనొక్కడే కాదు, ఆ గదిలో అంతమంది ఉన్నారు. సైదులుకి పళ్ళు పోయాయట అని ఒక్క మాట బయటికి పోతే సాయంత్రానికి నెమలి దాకా పాకిపోద్ది. ఇక నన్నెవరు పిలుస్తారు? మా రహీం, డోలు వాయించే ఇద్దరూ, అందరూ నా పేరు మీద తింటున్నారు."

నేను ఆయన వైపు తిరిగాను.

"ఇంకోటమ్మా," అన్నారాయన. "మాది మంగళవాద్యం. శుభకార్యం ఉన్నవాళ్ళు ఎదురుపడి ఎలా ఉన్నావంటే, బాగున్నానండి అనాలి. ఇంట్లో శవం ఉన్నా అలాగే అనాలి. మా నాన్న నాకు పాటకంటే ముందు నేర్పింది ఇది. ఆయన కూతురి పెళ్ళి పెట్టుకుని ఆయన మొహం మీద లేదు, పోయింది అనే మాట నేనెలా అంటాను?"

బస్సు మైలవరం దాటింది. నేను ఆయన్ని సాక్ష్యానికి తీసుకెళ్ళాను. నిజం చెబితే ఆయనకి పని పోతుంది, చెప్పకపోతే పళ్ళు పోతాయి. అలాంటి చోట నిలబెట్టి చెప్పమన్నాం మేము. అది నాకు ఆ బస్సులో తెలిసింది. తెలిసి చేయగలిగిందేం లేదు.

ఆషాఢం కోసం ఎదురుచూడటం తప్ప దారి లేదు. కనిపించినప్పుడల్లా ఉప్పునీళ్ళు పుక్కిలించమని, షుగరు చూపించుకోమని చెప్పేదాన్ని. చేస్తున్నానమ్మా అనేవారు. బాగున్నానమ్మా అని కూడా అనేవారు. ఆ మాటకి విలువెంతో అప్పటికి నాకు తెలుసు కాబట్టి, నోరు తెరిపించి చూసేదాన్ని. ఒకసారి ఖాసింబీని చాటుగా అడిగితే, అన్నం మెత్తగా కలిపి మింగేస్తున్నాడని, మాంసం మానేశాడని చెప్పింది.

వైశాఖంలో ఆ పెళ్ళి జరిగింది. దానికి రెండ్రోజుల ముందు నుంచే వెనక దవడ పన్ను దగ్గర వాపట. నాకు చెప్పలేదు, రహీంకి కూడా చెప్పలేదు. మందుల షాపులో నొప్పి బిళ్ళలు కొనుక్కున్నారు, మా క్లినిక్ కిందే కొనుక్కున్నారు. మెట్లెక్కి పైకి వస్తే డాక్టరు గారు వాయించొద్దంటారని భయం. గట్టిమేళం దగ్గర ఎక్కడా తగ్గలేదని, ఆ ముహూర్తానికి అంత బాగా వాయించడం ఈ మధ్య వినలేదని రహీం తరవాత చెప్పాడు. తెల్లారేసరికి మెడ దాకా వాచిపోయింది. నోరు తెరుచుకోలేదు. ఊపిరి తీసుకోవడం కష్టమైంది.

సూపరింటెండెంటు గారే కారిచ్చి పంపాడు. కూతురి అప్పగింతలు ముగిసీ ముగియకముందే ఫోన్లు చేసి బెజవాడలో పెద్దాస్పత్రిలో చేర్పించాడు. కార్డు మీద అనుమతి వెంటనే వచ్చేసింది. మంచం, మందులు, ఆపరేషను, రానూపోనూ అన్నీ కార్డు చూసుకుంది. చీము గొంతు దాకా దిగింది కదా, ఇక అన్నిటికీ అవుతుంది. కోత పెట్టి చీము తీశారు. వెనక పన్ను పీకేశారు. మత్తిచ్చేటప్పుడు గొంతులోకి గొట్టం వేస్తారు. ఊగుతున్న ముందు పళ్ళు ఆ గొట్టానికి తగిలి ఊడి ఊపిరితిత్తుల్లోకి జారితే ప్రాణానికి ప్రమాదమని, మత్తు డాక్టరు వాటిని కూడా ముందే తీయించేశాడు. ఆయన చేసింది సబబే. నేను ఆ జాగాలో ఉన్నా అదే చెప్పేదాన్ని.

చూడటానికి వెళ్ళాను. మెడకి కట్టుంది, మాట లేదు. నన్ను చూసి లేవబోయారు, వద్దని భుజం పట్టుకున్నాను. ఆయన చూపుడువేలు పెట్టి కింది పెదవిని కిందికి లాగి చూపించారు. నేను క్లినిక్‌లో రోజూ ఎందరి పెదవులో అలాగే లాగి చూస్తాను. ఆ ఖాళీని మాత్రం చూడలేకపోయాను. ఏడ్చాను. ఖాసింబీయే నన్ను ఊరుకోబెట్టింది, ప్రాణం దక్కింది కదమ్మా, అది చాలని.

బయట వరండాలో సూపరింటెండెంటు గారు ఎదురయ్యాడు. పండ్లు తెచ్చాడు, పెళ్ళి బట్టలతోనే తిరుగుతున్నాడు పాపం. "చూశారా మేడం, కార్డు ఎంత పని చేసిందో. ఒక్క రూపాయి పెట్టనివ్వలేదు," అన్నాడు. మంచి మనిషి, సంతోషంగానే అన్నాడు. ప్రాణం కాపాడింది కార్డే, కాదనడానికి లేదు. మాఘమాసంలో ఇందులో పిసరంత పెట్టి ఉంటే ఆ పళ్ళు నోట్లోనే ఉండేవని ఆ వరండాలో ఆయనకి ఎలా చెప్పను? అవునండీ అని వచ్చేశాను. ఎవర్ని తిట్టాలో తెలియని కోపం చాలా అలసటగా ఉంటుంది.

నయమయ్యాక డాక్టరు గారు ప్రత్యేకంగా కొలతలు తీసి కట్టుడు పళ్ళు చేశారు. సైదులు గారు ఇంట్లో తలుపేసుకుని వాటితో సాధన చేశారట కొన్ని నెలలు. ఒకరోజు వచ్చి చెప్పారు. "గాలి నిలుస్తోందమ్మా. గమకం నిలవట్లేదు. నా పళ్ళైతే నేను చెప్పకముందే వినేవి. ఇవి చెప్పినా వినట్లేదు." అంతకంటే ఏమీ అనలేదు. ఆ కార్తీకం నుంచి రహీం మొదటి సన్నాయి. ఆయన వెనక కూర్చుని శ్రుతి పెట్టె చూసుకుంటారు. అడ్వాన్సులు ఇప్పటికీ ఆయన పేరు మీదే ఇస్తారు, కానీ తగ్గాయి.

ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చే పిల్లలు నన్ను అడుగుతుంటారు, మనం ఇన్ని అర్జీలు పెట్టినా ఎందుకు కదలదని. నాకు తెలిసింది ఇంతే. నోటి జబ్బుని జనం దాచుకుంటారు. పెళ్ళిచూపుల పిల్ల దాచుకుంటుంది, బడిలో పాఠం చెప్పే మాస్టారు దాచుకుంటాడు, వీధుల్లో అరిచి చేపలమ్మే ఆవిడ కూడా దాచుకుంటుంది. నోటితో బతికేవాళ్ళు అందరికంటే గట్టిగా దాచుకుంటారు. వాళ్ళ చేత పదిమందిలో మాకు ఇబ్బంది ఉంది అని చెప్పించి, అప్పుడు కార్డులో చేరుస్తామంటే ఆ పని జరగదు. సైదులు గారి తరవాత నేను పేషెంటుని ఎక్కడికీ తీసుకెళ్ళలేదు. ఎలా ఉన్నారని కూడా అడగడం మానేశాను. ఏం తినడం మానేశారు అని అడుగుతున్నాను. దానికి నిజం చెబుతారు.

కిందటేడు ఆషాఢంలో, క్లినిక్ తీసి ఊడుస్తుంటే, మెట్ల మీద అడుగుల చప్పుడైంది. సైదులు గారు, వెనక రహీం. కూర్చోబెట్టి, "ఏం నొప్పి రహీం?" అని అడిగాను అలవాటు కొద్దీ.

"వాడికేం లేదమ్మా," అన్నారు సైదులు గారు. "ఏం లేదు కాబట్టే తీసుకొచ్చా. ఏం లేనప్పుడే చేసెయ్యి."

ఇన్నేళ్ళ మా అర్జీలన్నిటిలో ఇంత తేలిగ్గా మేం ఎప్పుడూ రాయలేకపోయాం. రహీం భయం భయంగానే నోరు తెరిచాడు. గార కొంచెమే ఉంది, ఎముక బాగుంది. నేను పని చేస్తున్నంతసేపూ ఆయన పక్కనే నిలబడి, తొట్టిలోకి కొట్టుకుపోతున్న నల్లటి పెళ్ళల్ని చూస్తూ ఉన్నారు. అయిపోయాక రహీం నాలుకతో పళ్ళు తడుముకుని, కదలట్లేదు మావయ్యా అన్నాడు. ఆయన తల ఊపారు.

వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి, "మళ్ళీ అర్జీ పెట్టారా అమ్మా?" అని అడిగారు. పెట్టామన్నాను. పరిశీలనలో ఉందన్నాను.

"ఈసారి పిలిస్తే నన్ను తీసుకెళ్ళు. అంతా చెబుతా," అన్నారు. "ఇప్పుడు చెబితే నాకు పోయేదేం లేదుగా."